పోయింది మతం కాదు

ఆ క్యాసెట్ నిండా తప్పటడుగులే. పీటర్ బక్ కొత్తగా మాండొలిన్ కొనుక్కున్నాడు, వాయించడం ఇంకా రాదు. టీవీ చూస్తూ తీగలు తడుముతూ కూర్చున్నాడు. పక్కన టేప్‌రికార్డర్ తిరుగుతోంది. మర్నాడు పెట్టుకుని వింటే చాలాసేపు కొత్తగా నేర్చుకునేవాడి గీకుడే వినిపించింది. నడుమ ఒక్కచోట ముక్క ఒకటి కుదురుగా నిలబడింది. ఆ వెంటనే మళ్లీ గీకుడు. కుదిరిన ఆ ఒక్క ముక్కే తర్వాత ‘లూజింగ్ మై రెలిజియన్’ అనే పాట అయింది.

బక్ గిటార్ వాయించే ఆర్.ఇ.ఎం. బృందం 1980లో జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్‌లో మొదలైంది. అది యూనివర్సిటీ ఊరు. రికార్డుల కొట్లో పనిచేసే బక్‌కు అక్కడికి వచ్చే మైకేల్ స్టైప్ పరిచయమయ్యాడు, పాడేది అతనే. మైక్ మిల్స్ బేస్‌కి, బిల్ బెర్రీ డ్రమ్స్‌కి కలిశారు. కాలేజీ రేడియోలు వీళ్లను నెత్తిన పెట్టుకున్నాయి. ఆల్టర్నేటివ్ రాక్ అనే పేరు ఊరూరా తిరగకముందే వీళ్లు ఆ దారిలో ఉన్నారు. 1989లో ఏడాది పొడవునా కచేరీలు చేసి ఇల్లు చేరేసరికి బక్‌కి ఎలక్ట్రిక్ గిటార్ మీద మొహం మొత్తింది. మాండొలిన్ చేతికొచ్చింది అందుకే.

మాండొలిన్ అనగానే మనకు పాలకొల్లు శ్రీనివాస్ గుర్తొస్తాడు. తొమ్మిదేళ్ల వయసులో గుడివాడ వేదికెక్కి, ఆ చిన్న వాద్యంతో కర్ణాటక సంగీతాన్ని పలికించినవాడు. ఆయన గమకాల పక్కన బక్ వాయించింది మొదటి పాఠం కూడా కాదు. కానీ నేర్చినవాడి వేళ్లు వాటంతటవే అలవాటైన దారిన పోతాయి. రానివాడికి ఆ దారే తెలియదు. ఈ పాటకు కలిసొచ్చింది ఆ తెలియకపోవడమేనని నా అనుమానం.

1990 సెప్టెంబరులో వుడ్‌స్టాక్ దగ్గరి బేర్స్‌విల్ స్టూడియోలో, నిర్మాత స్కాట్ లిట్‌తో కలిసి పాట రికార్డు చేశారు. మిల్స్ బేస్ కోసం వెతికి వెతికి, ఫ్లీట్‌వుడ్ మ్యాక్‌లోని జాన్ మెక్‌వీ బాణీ పోలికలు వచ్చినా వదిలించుకోలేక దాన్నే ఉంచేశాడు. ఆ సంగతి తనే ఒప్పుకున్నాడు కూడా. వయొలిన్ల వరసలను తర్వాత అట్లాంటాలో చేర్చారు. తీరా చూస్తే పాట నిడివి దాదాపు నాలుగున్నర నిమిషాలు. ముందుండి నడిపేది మాండొలిన్. చరణం అవగానే జనం అందుకోవడానికి పల్లవంటూ లేదు. మొదటి సింగిల్‌గా ఇదే వదులుతామని బృందం అంటే వార్నర్ బ్రదర్స్ కంపెనీ నీళ్లు నమిలింది. చివరికి బృందం మాటే నెగ్గి, 1991 ఫిబ్రవరి 19న సింగిల్ బయటికొచ్చింది.

ఇక పేరు సంగతి. మా హాస్టల్లో ఈ పాట ఉన్న క్యాసెట్ చేతులు మారుతున్న రోజుల్లో నా రూమ్మేట్ దానికి ‘మతం పోగొట్టుకుంటున్నా’ అని తెలుగు చెప్పి, ఇదేదో నాస్తికుల పాటరా అని తేల్చేశాడు. నేనూ తలూపాను. అమెరికా దక్షిణాదివాళ్ల వాడుకలో ఆ మాటకు అర్థం వేరు: ఓపిక నశించింది, ఇక నావల్ల కాదు అని. మన ఊళ్లో ఎవరైనా ‘కొంప మునిగింది’ అంటే పడవ వెతుక్కుంటామా? స్టైప్ రాసింది ఎదుటివాళ్లకు తెలుసో తెలియదో అర్థంకాని ఒకవైపు ప్రేమ గురించి. ఎక్కువ చెప్పేశానా, చాలినంత చెప్పలేదా అని లోలోపల నలిగిపోయే మనిషి పాట అది. అయితే మా వాడొక్కడే కాదు, దక్షిణాది వాడుక తెలియనివాళ్లు ఎందరో ఆ పేరు దగ్గరే పొరబడ్డారు. గుడిమీద అలిగినవాడు, ఇంటిమీద అలిగినవాడు, ఎవరికివాళ్లు తమ పాటే అనుకున్నారు.

వీడియో తీసినవాడు ఆ పొరపాటును పండగ చేసుకున్నాడు. అతను జలంధర్‌లో పుట్టిన తార్సెం సింగ్. అప్పటికి ముప్ఫైకి అటూఇటూ వయసు. స్టైప్ మనసులో ఉన్నది పెద్ద హంగులేమీ లేకుండా తను పాడుతుంటే తీసే వీడియో. తార్సెం కోరుకున్నది, స్టైప్ చెప్పినదాన్నిబట్టి, మన సినిమాల్లోలాగా ప్రతి భావమూ పొంగిపొర్లే, కలలాంటి వీడియో. ఇద్దరి మాటా కలిపారు. చీకటిగది, కిటికీలోంచి కారే నీళ్లు. స్టైప్ కదలకుండా కూర్చుంటే మిగతా ముగ్గురూ గదికి అడ్డంగా పరుగెత్తుతారు. కిటికీ గట్టు మీది పాలకూజా జారి కిందపడి బద్దలవుతుంది, అప్పుడు పాట మొదలవుతుంది. ఆ దృశ్యం తార్కోవ్‌స్కీ సినిమా ‘ది శాక్రిఫైస్’ నుంచి తెచ్చుకున్నది. ఆపైన కారవాజియో చిత్రాల్లోని చీకటివెలుగులు, మార్క్వెజ్ కథలోని రెక్కల ముసలాయన, మన క్యాలెండర్ దేవుళ్లను తలపించే అలంకరణలు. వీటన్నిటి మధ్య చేతులు ఎటంటే అటు విసురుతూ ఊగిపోయే స్టైప్. అతని ఆటకు లెక్కాపత్రం లేదు. పాటలో లేని మతమంతా వీడియోలోకి వచ్చి కూర్చుంది. అతి అనిపించాలి నిజానికి. నాకైతే అనిపించలేదు. గొంతు పెంచకుండా పాడే పాట పక్కన ఆ అతి సరిగ్గా అమరింది.

కంపెనీ భయం తేలిపోయింది. బిల్‌బోర్డ్ హాట్ 100లో పాట 4వ స్థానానికి చేరింది. ఈ పాట ఉన్న ‘ఔట్ ఆఫ్ టైమ్’ ఆల్బమ్ మొదటి స్థానం తాకి, కోటికి పైగా అమ్ముడైంది. దానికోసం టూర్ కూడా వెళ్లలేదు వీళ్లు. ఆ సెప్టెంబరులో ఎంటీవీ వీడియో అవార్డులు ఆరు వచ్చాయి. వేదికెక్కిన ప్రతిసారీ స్టైప్ ఒంటిమీది టీషర్టు ఒకటి విప్పేవాడు. కింద ఇంకో టీషర్టు, దానిమీద ఇంకో నినాదం: అడవుల గురించి, తుపాకుల గురించి, ఓటుహక్కు గురించి. మరుసటి ఏడాది పాటకు రెండు గ్రామీలు వచ్చాయి. అదే 1991 సెప్టెంబరులో నిర్వాణా బృందం వచ్చి ఆల్టర్నేటివ్ రాక్‌కు తలుపులు బద్దలుకొట్టిందని చరిత్ర రాసేవాళ్లు అంటారు. గొళ్లెం మాత్రం అప్పటికే ఒక మాండొలిన్ తీసి ఉంచింది.

బెర్రీ 1997లో వెళ్లిపోయాడు. 2011లో బృందమే విడిపోయింది. 2024 జూన్‌లో, న్యూయార్క్‌లో సాంగ్‌రైటర్స్ హాల్ ఆఫ్ ఫేమ్ సన్మానం నాడు, ఎవరూ ఊహించకుండా నలుగురూ కలిసి నిలబడి ఆ ఒక్క పాటే వాయించారు. ఆ వీడియో నాకు పంపింది ఆ రూమ్మేటే. కింద ఒక్క ముక్క రాశాడు: “ఏరా, దొరికిందా వీళ్ల మతం?”