ఇరవై పలకల లెక్క

తెలుగింట్లో చెక్క మనిషి కింద ఉండేది, అన్నం కింద ఉండేది కాదు. కూర్చోవడానికి పీట, కూరలు తరగడానికి కత్తిపీట, పప్పు ఎనపడానికి గుత్తి, మజ్జిగ చిలకడానికి కవ్వం, అరిసెల నూనె పిండడానికి చెక్కలు: వంటింటి సామానులో ఎంతో భాగం వడ్రంగి చేతిమీదుగా వచ్చిందే. వడ్డన దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆకుదే పెత్తనం. కోస్తాలో అరిటాకు, తెలంగాణలో మోదుగాకు విస్తరి. తిన్నాక పారేసేదానికి పాలిష్ ఎందుకు?

ఇప్పుడు ఆ వరస మారింది. నగరంలో ఏ కెఫేకి వెళ్లినా పిజ్జా, కబాబులు, కోసిన కేకు పిడి ఉన్న చెక్క పలక మీదే బల్లకెక్కుతున్నాయి. వాటిని చూసొచ్చినవాళ్లు ఇంట్లోనూ ఒకటుంటే బాగుండుననుకుంటున్నారు. పండ్ల ముక్కలకో, సాయంత్రం పకోడీలకో, చుట్టాలొచ్చినప్పుడు నాలుగు రకాల మిఠాయిలు పేర్చడానికో. చూడ్డానికి ఇంతకంటే తేలికైన చెక్కపని ఉండదు. కాళ్లు లేవు, సొరుగులు లేవు, బందులు లేవు. ఒక పలక, ఒక పిడి, వేలాడదీయడానికి ఒక కన్నం. పెద్ద పనిమంతుడు కూడా నష్టపోయేది సరిగ్గా ఇలాంటి తేలిక పనిలోనే.

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ రోడ్డు పట్టుకుని ముప్పై కిలోమీటర్లు పోతే ఇబ్రహీంపట్నం. కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన పెద్ద చెరువు ఈ ఊరికి పాత గుర్తు. కొత్త గుర్తులు చుట్టూ ఉన్నాయి: ఆదిబట్లలో విమాన భాగాల కర్మాగారాలు, 2022 ఆగస్టులో కొంగరకలాన్‌లో మొదలైన రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్, బొంగుళూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డు. వీటి వెంట వెంచర్లు, విల్లాలు, అపార్టుమెంట్లు. ఇల్లు లేస్తే ద్వారబంధం లేవాలి, తలుపులు రావాలి. తలుపుల పని నడిచే ప్రతి కార్ఖానాలోనూ ఒక మూల ముక్కల కుప్ప ఉంటుంది. జానెడు, మూరెడు టేకు ముక్కలు, మద్ది ముక్కలు, వేప ముక్కలు. మంచి కర్రే, కాకపోతే తలుపుకు పొడవు చాలదు. వాటిలో చాలాభాగం చేరేది పొయ్యిలోకే.

ఆ కుప్పను చూసి, అందులోంచి పలకలు చేసి అమ్మవచ్చునని ఎవరికైనా తోస్తుంది. తోచడం వరకూ సరే. ద్వారబంధం కోసిన ముక్క వెడల్పు సాధారణంగా అయిదంగుళాలు మించదు. వడ్డనకు పనికొచ్చే పలకకు ఎనిమిదైనా ఉండాలి. అంటే ముక్కను పట్టీలుగా చీల్చి, రెండు మూడు అంచులు కలిపి అతికించాలి. మామూలు తెల్ల జిగురు తడికి వదిలేస్తుంది, నీటికి తట్టుకునే రకమే వాడాలి. అతికిన చోట వెంట్రుకంత సందున్నా అందులో నీళ్లు, ఆ వెనకే పిండీ నూనే చేరతాయి.

    

ముక్కలు వద్దనుకుని టింబర్ డిపోకే వెళితే లెక్క ఇలా ఉంటుంది. పదిహేనంగుళాల పొడవు, ఎనిమిది వెడల్పు, ముప్పావు అంగుళం మందం ఉన్న పలక అనుకుందాం. రందా కొట్టాక ముప్పావు మిగలాలంటే కోతలో అంగుళం ఉండాలి. అంటే ఒక్కో పలకకు 120 ఘనపు అంగుళాల కర్ర. ఒక ఘనపుటడుగులో 1728 ఘనపు అంగుళాలుంటాయి. కాగితం మీద పద్నాలుగు పలకలు. రంపం తినే పొట్టు, ముడులు, చివర నెర్రెలు తీసేస్తే చేతికొచ్చేవి పదో పదకొండో. ఇరవై పలకలకు రెండు ఘనపుటడుగులు కావాలన్నమాట. ఇంతవరకు ఏ కార్ఖానాదారుడైనా నోటిలెక్కగా చెప్పేస్తాడు.

తప్పేది కూలి లెక్కలో. ఒక్క పలక చేయడానికి కూడా రంపానికి మందం కట్టాలి, రౌటర్‌కి బిట్టు మార్చాలి, కన్నానికి బర్మా బిగించాలి, నాలుగు రకాల గరుకు కాగితం బయటికి తీయాలి. ఈ సర్దుబాట్లకు పట్టే సమయం ఒక పలకకైనా ఇరవైకైనా ఒకటే. ఒక్కొక్కటిగా చేసుకుంటూ పోయేవాడు అదే సర్దుబాటును ఇరవైసార్లు చేస్తాడు. అందుకే పలకల పని తెలిసినవాళ్లు ముందు ప్లైవుడ్‌తో ఫర్మా కోసుకుంటారు. ఇరవై చెక్కల మీదా దాన్ని పెట్టి గీత గీస్తారు, ఇరవైనీ ఒకేసారి కోస్తారు, ఇరవైకీ ఒకేసారి అంచులు తిప్పుతారు. గరుకు కాగితం కూడా అంతే. ముందు 80 నంబరుతో అన్నిటినీ, తర్వాత 120తో అన్నిటినీ, ఆపైన 180, 220. అది పూర్తయ్యాక తడిబట్టతో తుడిస్తే నార పైకి లేస్తుంది. ఆరనిచ్చి మళ్లీ ఒకసారి రుద్దాలి. ఈ చివరి మెట్టు ఎగ్గొట్టిన పలక కొన్నవాళ్లింట్లో మొదటిసారి కడగ్గానే బరకగా తయారవుతుంది.

ఈ పద్ధతిలో ప్రమాదమూ ఉంది. ఫర్మాలో పిడి మెడ సన్నగా కోశారా, ఇరవైకి ఇరవై మెడలూ సన్నగానే వస్తాయి. కాబట్టి కొత్త ఫర్మాతో ముందు రెండే చేసి, వాటిని వంటింట్లో కొన్నాళ్లు వాడి చూడటం మేలు.

ఇరవై చేయడానికి చేయి తిరిగినవాళ్లు మనకు కొత్తేమీ కాదు. నెల్లూరు జిల్లా ఉదయగిరికే వెళ్దాం. కృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కొండకోట ఉన్న ఊరది. ఆ దుర్గం కొండల్లో దొరికే నార్ది, కలివి, బిక్కి లాంటి కర్రలతో అక్కడ చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కుతారు. పనిలో ఉన్నవారిలో ముస్లిం మహిళలే ఎక్కువ. వంటకు, వడ్డనకు వాడే చెక్క సామానును ఊరి పేరుతోనే అమ్మగలిగిన తెలుగు కేంద్రమిది. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పలకకు దగ్గరి చుట్టం ఎవరంటే ఈ ఉదయగిరి గరిటే.

ఉదయగిరి నుంచి నేర్చుకోవాల్సింది చెక్కుడు ఒక్కటే కాదు. అక్కడ వస్తువుకు రంగు లేదు, వార్నిషు లేదు. కర్ర తన రంగుతోనే అమ్ముడుపోతుంది. నోట్లో పెట్టుకునే వస్తువు కాబట్టి కొనేవాళ్లకు ఆ బోసితనమే నమ్మకం. తలుపులు చేసే కార్ఖానాలకు సరిగ్గా ఇదే మింగుడుపడదు. వాళ్ల చేతికి అలవాటైంది మెలమైన్, పీయూ పాలిష్. అద్దంలా మెరవకపోతే పని పూర్తికానట్టే వాళ్లకు. కత్తి తగిలే పలక మీద ఆ పొర గీతలు పడి, పెచ్చులుగా లేచి, తిండిలో కలుస్తుంది.

రంగు విషయంలో ఇంకో ఊరు ముందే పాఠం నేర్చుకుంది. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్క రంగు అద్దుతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. రసాయన రంగులు ఆ పనిలోకి చొరబడ్డాక, పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు అవి తగవని ఆ ఊరికే చెందిన సి.వి.రాజు లాంటివారు గింజలు, బెరళ్లు, వేళ్ల నుంచి తీసే రంగుల వైపు కళాకారుల్ని మళ్లించారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ వీధిలో నడిచినవీ ఏటికొప్పాక బొమ్మలే.

తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేసే కొండపల్లి ఉన్నది కూడా ఒక ఇబ్రహీంపట్నం మండలంలోనే. కాకపోతే అది కృష్ణ ఒడ్డున, ఎన్టీఆర్ జిల్లాలో. రంగారెడ్డి ఇబ్రహీంపట్నానికి అలాంటి వారసత్వపు కర్ర ఏదీ లేదు. అందుకు బాధపడక్కర్లేదు. పొణికి కర్ర కరవైతే కొండపల్లి, నిర్మల్ రెండూ ఇబ్బంది పడతాయి. పలకకు ఫలానా కర్రే కావాలన్న పట్టు లేదు. కాపు తగ్గి కొట్టేసిన మామిడి చెట్టయినా చాలు. చెట్టు కొట్టడానికి 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం అనుమతి ఉందో లేదో చూసుకోవాలంతే.

మామిడికి ఇంకో మంచి రోజు కూడా వచ్చింది. దేశం నుంచి చెక్క వంటసామాను విదేశాలకు పంపడంలో పేరుమోసినవి ఉత్తరప్రదేశ్‌లోని సహారన్‌పూర్, రాజస్థాన్‌లోని జోధ్‌పూర్. అక్కడివాళ్లకు ఇష్టమైన కర్రల్లో శీషం ఒకటి. 2017 నుంచి ఆ జాతి కర్రలన్నీ అంతర్జాతీయ వన్యజాతుల ఒప్పందం నిఘాలోకి వెళ్లాయి. ప్రతి సరుకుకూ కాగితాలు అవసరమయ్యాయి. చిన్న వస్తువులకు 2022లో కొంత సడలింపు దొరికినా, ఈలోగా చాలామంది మామిడికి మారారు.

కర్ర ఏదైనా, ఆరకపోతే అంతా వృథా. పచ్చి టేకు పూర్తిగా ఆరేసరికి వార్షిక వలయాల వెంబడి ఆరు శాతం దాకా కుంచించుకుపోతుంది, వాటికి అడ్డంగా రెండున్నర శాతమే. రెండు వైపులా రెండు రకాలుగా లాగడం వల్లే పలక దోనెలా వంగుతుంది. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలన్నది పాత లెక్క. మన ఎండలకు అంతకన్నా త్వరగానే ఆరుతుంది కానీ, త్వరపడి ఎండలో పడేస్తే చివర్లు పగులుతాయి. నీడలో, గాలి ఆడేలా మధ్యమధ్య సన్నపట్టీలు పెట్టి పేర్చాలి. ఈ కుప్ప నెలల తరబడి జాగా ఆక్రమిస్తుంది, పెట్టుబడిని కట్టిపడేస్తుంది. రోజుకూలి మీద నడిచే చిన్న కార్ఖానాకు పలకల వ్యాపారంలో అసలు బరువు ఇదే.

ఇక నూనె. ఇంట్లో ఉన్న పల్లీనూనె రాసేస్తే చాలనుకుంటారు. అది ఎప్పటికీ గట్టిపడదు. కొన్నాళ్లకు ముక్కిపోయి వాసన కొడుతుంది. అవిసె నూనె గాలికి గట్టిపడుతుంది. అయితే పూతకూ పూతకూ మధ్య రోజులు పడుతుంది. రంగుల దుకాణంలో దొరికే ‘బాయిల్డ్’ లిన్‌సీడ్ ఆయిల్‌లో త్వరగా ఆరడానికి లోహపు రసాయనాలు కలుపుతారు, కాబట్టి తిండి పలకకు అది వద్దు. వాసన లేని మినరల్ ఆయిల్, తేనెమైనం కలిపి రాయడం చాలాచోట్ల ఉన్న పద్ధతి. అవిసె నూనె వాడేవాళ్లు ఒక్క సంగతి మరవకూడదు: దానితో తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పొట్టు కుప్ప మీద పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరేయాలి, లేదా నీళ్లలో ముంచి పారేయాలి. పొట్టుతో నిండిన కార్ఖానాలో ఇది చిన్న విషయం కాదు.

చెక్క మీద క్రిములుంటాయి, ప్లాస్టిక్కే శుభ్రం అనే మాట కొనేవాళ్ల నోట వినిపిస్తుంటుంది. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డీన్ క్లైవర్ బృందం చేసి 1994లో ప్రచురించిన ప్రయోగాలు ఈ నమ్మకాన్ని కదిలించాయి. కత్తిగాట్లు పడ్డ ప్లాస్టిక్ పలకలో బ్యాక్టీరియా నిలిచిపోయింది. చెక్కలో లోపలికి ఇంకిన బ్యాక్టీరియా మళ్లీ పైకి రాకుండానే నశించింది. అలాగని కడగనవసరం లేదని కాదు. సబ్బునీళ్లతో కడిగి, నిలబెట్టి ఆరనిస్తే చాలు. సింకులో నానబెట్టడం, డిష్‌వాషర్‌లో వేయడం మాత్రం పలకకు చావుదెబ్బ. ఈ రెండు ముక్కలూ చీటీ మీద రాసి పలకకు కట్టి అమ్మితే గొడవలు చాలామటుకు తప్పుతాయి.

ప్రభుత్వం వైపు నుంచి రెండు విషయాలు కలిసొచ్చాయి. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని పద్దెనిమిది వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, అయిదు శాతం వడ్డీకి తొలి విడత లక్ష, మలి విడత రెండు లక్షల అప్పు అందులో ఉన్నాయి. కర్ర ఆరేదాకా ఆగడానికి ఇలాంటి అప్పే ఆసరా. 2025 సెప్టెంబరు 22 నుంచి చెక్క వంటసామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది.

అమ్మకానికి తోవలు అందరికీ తెలిసినవే. మాదాపూర్ శిల్పారామం, గోల్కొండ హస్తకళల దుకాణాలు, 1938 నుంచి నడుస్తున్న నాంపల్లి నుమాయిష్, అమెజాన్, ఇన్‌స్టాగ్రామ్. వీటిలో ఎక్కడైనా కొనేవాడు ఒకటే కొంటాడు. సాగర్ రోడ్డుకు అంతకంటే దగ్గర్లో ఇంకో బజారు ఉంది, దాన్ని బజారని ఎవరూ అనుకోరు. అది గృహప్రవేశాల రిటర్న్ గిఫ్టులది. వచ్చినవాళ్లందరికీ ఒకేలాంటి వస్తువు ఇవ్వాలి. ఒకరికి పెద్దది, ఒకరికి చిన్నది వెళ్లిందా, మాట పడాల్సిందే. స్టీలు డబ్బాలు, జర్మన్ సిల్వర్ గిన్నెలు అందరిళ్లలోనూ అటకెక్కి కూర్చున్నాయి. నూట యాభై పలకలు, మూల మీద ఇంటి పేరు చెక్కి, ఫలానా తేదీకి కావాలనే ఆర్డరు ఫర్మా పద్ధతికి కొలిచి కుట్టినట్టు సరిపోతుంది. పైగా ఆ ఇంటి తలుపులు చేసిన కార్ఖానాకే అడిగే చొరవ ఉంటుంది.

తేదీ దగ్గరే చిక్కొస్తుంది. ముహూర్తాలు ఎక్కువగా ఉండే నెలల్లో శ్రావణం ఒకటి. గాలిలో తేమ ఎక్కువగా ఉండేదీ అప్పుడే. ఆషాఢంలో బయానా తీసుకుని, అప్పుడు కర్ర కోసి, శ్రావణానికి పలక చేతికిస్తే సంక్రాంతి నాటికి అది బల్ల మీద చదునుగా కూర్చోదు. మాఘంలోనో ఫాల్గుణంలోనో కోసి, వేసవంతా నీడలో పేర్చి, ముహూర్తాల్లేని ఆషాఢంలో తలుపుల పని మందగించినప్పుడు పలకలుగా మలిస్తే కార్ఖానాకు ఆ నెల ఖాళీగా పోదు. అంటే ఎవరు కొంటారో తెలియకముందే పదిహేను ఘనపుటడుగుల కర్ర కొని పెట్టుకోవాలి. ఆ ధైర్యం చేసే కార్ఖానా, బయానా ఇచ్చి ఆరు నెలలు ఆగే ఇల్లుగలాయన, ఇద్దరిలో ఎవరు ముందుకొచ్చినా చాలు, మొదటి ఆర్డరు పట్టాలెక్కుతుంది.