ఒంటి తూటా రైఫిల్‌కి గురి ఎక్కువా?

తుపాకుల గురించి తెలిసినవాళ్లు నలుగురు చేరితే ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది: "మ్యాగజైన్ ఉన్న రైఫిల్ కన్నా ఒక్కొక్క తూటా పెట్టి కాల్చే సింగిల్ షాట్ రైఫిల్‌కే గురి ఎక్కువ." దాని వెనకే ఇంకో మాట: "రెండో తూటా ఉండదు కాబట్టి వేటగాడు ఒళ్లు దగ్గర పెట్టుకుని కాలుస్తాడు." మొదటి మాట సగం నిజం. రెండో మాటని చరిత్ర ఒప్పుకోదు. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

సింగిల్ షాట్ రైఫిల్ అంటే ఎలా ఉంటుంది?

తూటాలు నిలవ ఉంచుకునే పెట్టె అందులో ఉండదు. కాల్చిన ప్రతిసారీ ఇంకో తూటాని చేత్తోనే పెట్టాలి. ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి. మొదటిది ఫాలింగ్ బ్లాక్. ట్రిగ్గర్ కింద ఉన్న లివర్‌ని దించితే బారెల్ వెనక ఉన్న ఉక్కు దిమ్మ నిలువుగా కిందికి జారి దారి ఇస్తుంది. తూటా పెట్టి లివర్ పైకి లాగితే దిమ్మ లేచి మూసేస్తుంది. అమెరికాలో షార్ప్స్ రైఫిల్, జాన్ బ్రౌనింగ్ రూపకల్పన నుంచి పుట్టిన 1885 మోడల్ వించెస్టర్, స్కాట్లండ్‌కి చెందిన జాన్ ఫార్క్వర్సన్ 1872లో పేటెంట్ తీసుకున్న రైఫిల్, 1960ల్లో వచ్చిన రూగర్ నంబర్ 1 ఈ కోవలోవే. రెండోది మధ్యలో మడత పడి తెరుచుకునేది. జర్మనీ, ఆస్ట్రియాల్లో దీన్ని కిప్లాఫ్ అంటారు. మూడోది మామూలు బోల్ట్ యాక్షన్ రైఫిలే, కాకపోతే మ్యాగజైన్ ఉండదు.

ఒకప్పుడు దీనికి అంత పేరు ఎందుకొచ్చింది?

1870ల్లో వరసగా తూటాలు కాల్చే లివర్ రైఫిళ్లు అప్పటికే ఉన్నాయి. వాటి తూటాలు బారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనక ఒకటి ఉండేవి. ముందున్న తూటా అడుగుకి వెనక తూటా కొస ఆనుకుంటుంది. కొస సూదిగా ఉంటే అదురుకి ముందు తూటా పేలిపోయే ప్రమాదం. అందుకని మొద్దు కొసలే వాడాలి. పైగా 1873 మోడల్ వించెస్టర్ వంటివి పొట్టి తూటాలనే మింగగలిగేవి. ఆ కాలపు నల్ల తుపాకిమందుతో గుండు దూరం పోవాలంటే మందు ఎక్కువ పట్టే పొడవాటి తూటా కావాలి. షార్ప్స్ దిమ్మకి ఆ పొడవు లెక్కలేదు.

1874 సెప్టెంబరులో న్యూయార్క్ దగ్గర క్రీడ్‌మూర్ మైదానంలో అమెరికా, ఐర్లండ్ జట్లు 800, 900, 1,000 గజాల దూరాల్లో పోటీ పడ్డాయి. ఐరిష్‌వాళ్లవి మూతి నుంచి మందు కూరే రిగ్బీ రైఫిళ్లు. అమెరికన్లవి వెనక నుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్లు. అమెరికా 934, ఐర్లండ్ 931. ఐరిష్ జట్టులో ఒకాయన తనది కాని లక్ష్యం మధ్యలో కొట్టి ఆ పాయింట్లు పోగొట్టుకున్నాడు. గెలుపు అంత సన్నంగా తేలినా, వెనక నుంచి తూటా పెట్టే రైఫిల్ కిలోమీటరుకి దగ్గర దూరంలో కూడా గురి నిలుపుతుందని అందరికీ నమ్మకం కలిగింది. సింగిల్ షాట్ పేరు అప్పుడు మార్మోగింది.

మరి ఈనాటికీ ఆ మాట నిజమేనా?

ఇక్కడే రెండుగా విడదీసి చూడాలి. గురి తూటాల సంఖ్యలో ఉండదు, బారెల్‌లో ఉంటుంది, ఆ బారెల్‌ని పట్టుకున్న తీరులో ఉంటుంది. మందు అంటుకోగానే బారెల్ సన్నగా కంపిస్తుంది. కంపించడం తప్పు కాదు. ప్రతిసారీ ఒకేలా కంపించకపోవడమే తప్పు. మోగే గంటకి వేలు తగిలితే నాదం మారినట్టు, బారెల్‌కి ఏది ఎంత బిగువుగా తగులుతుందన్న దాన్నిబట్టి గుండు పడే చోటు మారుతుంది.

పాత పద్ధతి ఫాలింగ్ బ్లాక్‌కి ఇక్కడే చిక్కు. బోల్ట్ యాక్షన్‌లో కర్ర సాధారణంగా ఒకే ముక్క. ఇందులో వెనక మడమ వేరు, ఎడమచేత్తో పట్టుకునే ముందు కర్ర వేరు. ఆ ముందు కర్ర చాలా రైఫిళ్లలో బారెల్‌కే బిగించి ఉంటుంది. వానకి కర్ర ఉబ్బినా, మర కాస్త వదులైనా, పట్టీ లాగినా ఆ ఒత్తిడి బారెల్ మీద పడుతుంది. రూగర్ నంబర్ 1 విషయంలో వాడకందార్లు తరచు చెప్పుకునే కథ ఇదే: ఒకటి అద్దంలా కొడుతుంది, దాని పక్కది సతాయిస్తుంది. ముందు కర్ర బారెల్‌ని తాకకుండా సందు చేసి, ఒత్తిడిని సరిచేస్తే చాలావరకు దారికొస్తుంది.

మ్యాగజైన్ లేని బోల్ట్ యాక్షన్ సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. మ్యాగజైన్ కోసం అడుగున కోత కోయనక్కర్లేదు కాబట్టి బారెల్ వెనకటి ఉక్కు భాగం గట్టిగా, వంగకుండా ఉంటుంది. కర్రలో నిండుగా కూర్చుంటుంది. తూటా పొడవుకి పెట్టె కొలత అడ్డురాదు, కాబట్టి గుండుని బారెల్ లోపలి గాడులకి దగ్గరగా అమర్చుకోవచ్చు. బెంచ్‌రెస్ట్ పోటీల్లో గుండ్లన్నీ దాదాపు ఒకే రంధ్రంలో దూర్చేవాళ్లు వాడేది ఇలాంటివే. "సింగిల్ షాట్‌కి గురి ఎక్కువ" అన్న మాట వీటికి చెల్లుతుంది. షార్ప్స్‌కీ రూగర్‌కీ యథాతథంగా చెల్లదు.

వేటకి ఎంత గురి కావాలి?

మనం అనుకునేంత కాదు. మధ్యరకం జింకలో గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు 20 సెంటీమీటర్ల వెడల్పు. 100 మీటర్లలో గుండ్లన్నీ 5 సెంటీమీటర్లలోపు పడే రైఫిల్, 200 మీటర్లలో సుమారు 10 సెంటీమీటర్లలో పడేస్తుంది. అంటే సాధారణమైన రైఫిల్ కూడా ఈ పనికి చాలు. నిలబడి, ఆయాసంతో, చేతులు వణుకుతూ కాల్చే మనిషి చేసే తప్పు రైఫిల్ చేసే తప్పు కన్నా చాలా పెద్దది.

ఏ వేటకి అనువు, దేనికి కాదు?

బోల్ట్ వెనక్కీ ముందుకీ కదిలే చోటు అక్కర్లేదు కాబట్టి అదే మొత్తం పొడవులో బారెల్‌ని సుమారు 10 సెంటీమీటర్లు పెంచుకోవచ్చు. బారెల్ పొడవైతే గుండు వేగం పెరుగుతుంది. లేదా బారెల్ అంతే ఉంచి రైఫిల్‌ని పొట్టిగా చేసుకోవచ్చు. ఆల్ప్స్ కొండల్లో షమ్వా అనే కొండమేకల్లాంటి జంతువుల వెంట గంటలతరబడి ఎక్కేవాళ్లకి తేలికగా ఉండి, రెండు ముక్కలుగా విప్పి సంచిలో పెట్టుకునే కిప్లాఫ్ నచ్చడానికి కారణం ఇదే. అక్కడ వేట అంటే దూరాన్నుంచి చూసి, నింపాదిగా దగ్గరకి పాకి, ఒక్కసారి కాల్చడం.

మీదికి దూకే జంతువు దగ్గర మాత్రం ఇది అపాయం. గాయపడ్డ అడవిదున్న పది అడుగుల్లో ఉన్నప్పుడు ఖాళీ గుల్ల తీసి ఇంకోటి పెట్టే వ్యవధి ఉండదు. గుల్ల ఇరుక్కుపోతే పరిస్థితి ఇంకా ఘోరం. బోల్ట్‌ని తిప్పేటప్పుడు, మర తిప్పినట్టు, గుల్లని వదులు చేసి లాగే బలం వస్తుంది. ఫాలింగ్ బ్లాక్ లివర్‌కి ఆ పట్టు తక్కువ. ఫ్రెడరిక్ సెలూస్ అనే పేరున్న వేటగాడు ఆఫ్రికాలో ఫార్క్వర్సన్ రైఫిల్ వాడి పేరు తెచ్చుకున్న మాట నిజమే, కానీ అది ఆయన అనుభవానికి గుర్తు, అందరికీ సలహా కాదు.

ఒక్క తూటాతో వేటగాడు ఆచితూచి కాలుస్తాడా?

కాల్చేవాడు ఆచితూచేవాడైతే కాలుస్తాడు. రైఫిల్ ఆ గుణం నేర్పదు. 1870ల్లో అమెరికా మైదానాల్లో బైసన్ మందల్ని తుడిచిపెట్టింది ఎక్కువగా సింగిల్ షాట్ రైఫిళ్లే. వేటగాడు దూరంగా పడుకుని, కర్రల ఊత మీద బరువైన షార్ప్స్ ఆనించి, ముందుగా మందని నడిపే ఆవుని కొట్టేవాడు. మిగతావి ఎటు పోవాలో తెలియక అక్కడక్కడే తిరిగేవి, ఒక్కొక్కటిగా కూల్చేవాడు. బారెల్ వేడెక్కితే నీళ్లు పోసేవాడు, లేదా రెండో రైఫిల్ అందుకునేవాడు. తోళ్లకి గిరాకీ ఉంది, రైలు మార్గం పక్కనే ఉంది. కోట్లలో ఉండేవని అంచనా వేసిన ఆ జంతువులు ఉత్తర అమెరికా ఖండం మొత్తంలో 1,091 మిగిలాయని జంతుశాస్త్రవేత్త విలియం హార్నడే 1889లో లెక్క తేల్చాడు. ఒకసారికి ఒక్క తూటా అన్న నియమం ఆ చేతుల్ని ఆపలేదు.

మరి మన దగ్గర?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో ఇప్పుడు సరదా వేటకి చోటు లేదు. సింగిల్ షాట్ రైఫిల్ మనకి కనిపించేది షూటింగ్ రేంజ్‌లోనే. ఒలింపిక్ 50 మీటర్ల రైఫిల్ పోటీలో ప్రతి తూటానీ చేత్తో పెట్టాలన్నది నియమం; పది పాయింట్ల వలయం వెడల్పు 10.4 మిల్లీమీటర్లు. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచింది అలాంటి రైఫిల్‌తోనే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనూ ఒక్కో గుండు విడిగా పెట్టి కాల్చడమే పద్ధతి.

కాబట్టి ఎవరైనా "సింగిల్ షాట్ గురి తప్పదు" అంటే, ఏ రకం సింగిల్ షాట్ అని అడగండి. బారెల్ ఎలాంటిది, దానికి ఏం తగులుతోంది, ఎవరు కాలుస్తున్నారు అన్న మూడూ తెలియకుండా ఆ మాటకి విలువ లేదు.