తలకెత్తుకున్న ఆట

సింగరేణి కార్మికుల ఇళ్లలో ‘వృత్తి వ్యాధి’ అన్న మాటకు అర్థం చెప్పక్కర్లేదు. గనిలో పీల్చిన బొగ్గు పొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని, ఉద్యోగం దిగిపోయాక ఎన్నాళ్లకో దగ్గై, ఆయాసమై బయటపడుతుంది. 2002 నవంబరులో ఇంగ్లండ్‌లో మరణాలపై విచారణ జరిపే అధికారి (కరోనర్) ఒకరు సరిగ్గా అదే మాటను ఒక ఫుట్‌బాల్ ఆటగాడి మరణానికి కారణంగా రాశాడు.

ఆ ఆటగాడు జెఫ్ యాసిల్. పుట్టింది కూడా బొగ్గు గనుల ఊళ్లోనే, నాటింగమ్‌షైర్‌లోని ఈస్ట్‌వుడ్‌లో. వెస్ట్ బ్రామిచ్ ఆల్బియన్ జట్టుకు పదేళ్లు ఆడి 174 గోల్స్ కొట్టాడు. 1968 ఎఫ్ఏ కప్ ఫైనల్లో పడిన ఒకే ఒక్క గోల్ ఆయనదే. గాల్లోకి లేచి నుదుటితో బంతిని గోల్‌లోకి కొట్టడంలో పెట్టింది పేరు. అభిమానులు ‘కింగ్’ అని పిలుచుకున్నారు. యాభై అయిదో ఏటికల్లా మతి తప్పడం మొదలైంది. చివరికి తానొకప్పుడు ఫుట్‌బాల్ ఆడానన్న సంగతే ఆయనకు తెలియకుండా పోయిందని కూతురు డాన్ చెబుతుంది. చనిపోయేనాటికి వయసు 59.

తలకు దెబ్బ తగిలిందంటే మనం ముందు చూసేది నెత్తురు. అది రాకపోతే, కళ్లు తిరగకపోతే, ‘ఏం పర్లేదు, లే’ అంటాం. యాసిల్ ప్రతిసారీ లేచాడు, పరుగెత్తాడు, మళ్లీ బంతికి తల అడ్డుపెట్టాడు. మ్యాచ్‌ల్లో తలతో కొట్టిన హెడర్లకు రోజూ సాధనలో కొట్టినవి కూడా కలుపుకోండి. ఏ ఒక్క హెడరూ ఆయన్ను ఆసుపత్రి పాలు చేయలేదు. అన్నీ కలిసి ఏం చేశాయో మెదడును కోసి చూస్తేగానీ తెలియలేదు.

మెదడు మెత్తగా, జున్నుముక్కలా ఉంటుంది. పుర్రె లోపల నీటిలాంటి ద్రవంలో తేలుతుంది. తల ఉన్నట్టుండి ఆగినా, గిర్రున తిరిగినా పుర్రె ముందు కదులుతుంది, మెదడు ఓ క్షణం వెనకపడుతుంది. ఆ క్షణంలో దాని లోపలి సన్నని నరాల పోగులు సాగుతాయి. ఆ పోగుల్లో సరుకు మోసే గొట్టాల్లాంటివి ఉంటాయి. వాటిని పట్టి నిలబెట్టే ప్రొటీన్ పేరు టౌ. సాగినచోట టౌ ఊడిపోయి, రూపం మారి, చిక్కులు పడి ముద్దకడుతుంది. ఎక్కడ పడితే అక్కడ కాదు. మెదడు ముడతల అట్టడుగున, చిన్న రక్తనాళాల చుట్టూ కనిపిస్తుంది. కుదుపు ఒత్తిడి ఎక్కువగా పడేది అక్కడేనని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. ఈ జబ్బును సీటీఈ అంటారు. బతికుండగా దీన్ని కచ్చితంగా తేల్చే పరీక్ష ఇప్పటికీ లేదు.

బాక్సర్లలో ఈ జబ్బు లక్షణాలను 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే అమెరికన్ వైద్యుడు వర్ణించాడు. యాసిల్ పోయిన ఏడాదే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ యాభయ్యో ఏట చనిపోయాడు. నైజీరియా నుంచి వచ్చిన పాథాలజిస్టు బెనెట్ ఒమాలు ఆయన మెదడును పరీక్షిస్తే, పైకి మామూలుగానే కనిపించింది. పలుచటి పొరలు కోసి రంగులద్ది చూశాక టౌ చిక్కులు బయటపడ్డాయి. 2005లో ఒమాలు ఆ సంగతి ప్రచురిస్తే, ఆ ఆట లీగ్ వైద్య కమిటీ సభ్యులు ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకోమన్నారు.

ఇంగ్లండ్‌లో అయితే నెపమంతా పాత తోలు బంతి మీదికి వెళ్లింది. వానలో తడిసి బరువెక్కేది, ఇప్పటి బంతితో ఆ భయం లేదన్నారు. 2014లో గ్లాస్గో నిపుణుడు విలీ స్టువర్ట్ యాసిల్ మెదడును మళ్లీ పరీక్షించి సీటీఈ అని తేల్చాడు. తర్వాత ఆయన బృందం స్కాట్లండ్‌కు చెందిన 7,676 మంది మాజీ ప్రొఫెషనల్ ఆటగాళ్ల మరణ వివరాలను 23 వేల మంది మామూలు జనంతో పోల్చింది. 2019లో వచ్చిన ఫలితం ప్రకారం ఆటగాళ్లకు గుండెజబ్బు చావులు తక్కువ, ఊపిరితిత్తుల క్యాన్సర్ చావులూ తక్కువ. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే ముప్పు మాత్రం సుమారు మూడున్నర రెట్లు.

2021లో అదే బృందం ఆటగాళ్లను స్థానాలవారీగా విడదీసింది. డిఫెండర్లకు ముప్పు అయిదు రెట్లు. గోల్‌కీపర్లకు మామూలు జనంతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. అదే మైదానం, అదే జీవితం, బంతిని చేత్తో పట్టుకునే మనిషి ఒక్కడే తప్పించుకున్నాడు. పుట్టిన కాలాన్ని బట్టి కూడా ముప్పు మారలేదు. తోలు బంతి వాదన అక్కడితో బలహీనపడింది. 1966లో ప్రపంచ కప్ గెలిచిన ఇంగ్లండ్ జట్టులో రే విల్సన్, మార్టిన్ పీటర్స్, నాబీ స్టైల్స్, చార్ల్‌టన్ సోదరులిద్దరూ మతి తప్పే జబ్బు డిమెన్షియా బారిన పడ్డారు.

బంతి తగిలిన ప్రతి తలా ఇలా అవుతుందని దీని అర్థం కాదు. హెడర్లు కొట్టినవారిలో ఎక్కువమందికి మెదడు క్షీణించే జబ్బు రాలేదు. జన్యువులకూ, మిగతా జీవితానికీ ఇందులో పాత్ర ఉండవచ్చు.

మన దగ్గర ఈ లెక్క రోడ్డు మీద తీయాలి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో దాదాపు 75 వేల మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. తలకు గట్టి దెబ్బ తగిలి బతికినవారి సంగతి కుట్లు విప్పగానే అయిపోయిందనుకుంటాం. డిమెన్షియా ముప్పు పెంచే, మనం అడ్డుకోగలిగిన కారణాల్లో తలగాయాన్ని 2020లో లాన్సెట్ కమిషన్ చేర్చింది. నాన్నకు మరుపు మొదలైందని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, పదిహేనేళ్ల కిందట బండి మీంచి పడ్డ సంగతి కూడా చెప్పండి. హెల్మెట్‌ను అద్దానికి తగిలించి బండి నడిపే పిల్లలను చూసినప్పుడల్లా నాకు భయమేస్తుంది.

మళ్లీ ఫుట్‌బాల్‌కు వస్తే, 2020 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో ప్రైమరీ వయసు పిల్లల శిక్షణలో హెడర్లు లేవు. స్కాట్లండ్ ప్రొఫెషనల్ ఆటగాళ్లకు 2022 నుంచి మ్యాచ్ ముందు రోజూ, మర్నాడూ సాధనలో హెడర్లు వద్దన్నారు. ఇంతవరకు రావడానికి యాసిల్ కూతురు డాన్ ఏళ్ల తరబడి పోరాడింది. 2014లో ఆల్బియన్ మ్యాచ్‌ల్లో తొమ్మిదో నిమిషం రాగానే అభిమానులు లేచి నిలబడి ఒక నిమిషం పాటు చప్పట్లు కొట్టేవారు. యాసిల్ వేసుకున్న చొక్కా నంబరు 9.