అమ్మ గల్ఫ్‌లో, బిడ్డ ఒకటో తరగతిలో

జూన్ 12. వేసవి సెలవులు ముగిసి బడులు తెరిచే రోజు. అమలాపురం, రాజోలు, కొత్తపేట, ఏ వైపు వెళ్ళినా ఉదయం ఎనిమిదయ్యేసరికి కాలువగట్ల మీద స్కూలు బస్సులు, పిల్లలతో కిక్కిరిసిన ఆటోలు కనిపిస్తాయి. కొత్తగా ఒకటో తరగతిలో చేరే పిల్లలకు బ్యాగు వీపు కంటే పెద్దదిగా, బూట్లు పాదం కంటే పెద్దవిగా ఉంటాయి. ఆ పిల్లల చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చేది మన ప్రాంతంలో చాలా ఇళ్ళలో అమ్మ కాదు. అమ్మమ్మో, మామ్మో, పెద్దమ్మో వస్తారు. అమ్మ కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఉంటుంది. మనకు ఎనిమిదైతే కువైట్‌లో ఐదున్నర. ఆ వేళకు ఆమె ఇంకెవరి ఇంట్లోనో పిల్లలకు పాలు కలుపుతూ ఉండవచ్చు.

కోనసీమ నుంచి స్త్రీలు ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్ళడం కొత్త సంగతి కాదు. ఇంటి అప్పు, ఆడపిల్ల పెళ్ళి, భర్త అనారోగ్యం, పిల్లల చదువు, ఇలా ఒక్కో ఇంటికి ఒక్కో కారణం. వెళ్ళినవారిని తప్పుపట్టడానికి ఈ మాటలు రాయడం లేదు. వెళ్ళక తప్పని ఇంట్లో, చిన్న బిడ్డ బడిలో చేరే ఏడాది ఏం జరుగుతుందో, ఏం చేస్తే ఆ బిడ్డ నిలదొక్కుకుంటాడో వివరంగా చెప్పుకోవడమే ఉద్దేశం.

ఇందులో ప్రభుత్వ నిబంధన పాత్ర కూడా కొంత ఉంది. పదో తరగతి పాస్ కానివారికి ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళే స్త్రీకి 30 ఏళ్ళు నిండి ఉండాలి. అంటే తల్లి ప్రయాణం కట్టే సమయానికి చాలా ఇళ్ళలో ఆఖరి బిడ్డ అంగన్‌వాడీ దాటి బడిలో చేరే వయసులో ఉంటాడు. అమ్మ వెళ్ళడం, బడి మొదలవడం ఒకే ఏడాదిలో పడతాయి. పెద్దలకు ఇవి రెండు వేరు వేరు సంగతులు. బిడ్డకు మాత్రం రెండూ ఒకటే.

గేటు దగ్గర ఏడుపు

బడికి కొత్త పిల్లలు ఏడవడం సహజం. వారం పది రోజుల్లో చాలామంది సర్దుకుంటారు. అమ్మ దూరమైన బిడ్డ మాత్రం ఒక్కోసారి నెలలు గడిచినా గేటు దగ్గర అమ్మమ్మ చీర కుచ్చెళ్ళు వదలడు. "వీడికి చదువు మీద ధ్యాస లేదు" అని ఇంట్లో అనుకుంటారు, "మొండివాడు" అని బడిలో అనుకుంటారు. నిజానికి వాడికి బడి మీద కోపం లేదు. వాడి లెక్క వేరు. "అమ్మ వస్తానని చెప్పి వెళ్ళింది, ఇంకా రాలేదు. ఇప్పుడు అమ్మమ్మ కూడా వస్తానంటోంది."

నాలుగు నుంచి ఆరేళ్ళ వయసు పిల్లలకు కాలం మనలా తెలియదు. రెండేళ్ళ ఒప్పందం అన్న మాట వారికి అర్థం కాదు. "రేపు" అన్న మాటే ఇంకా సరిగా కుదరని వయసు అది. ఇంకొక సంగతి, ఆ వయసులో పిల్లలు జరిగిన ప్రతిదానికీ తామే కారణమనుకుంటారు. "నేను అల్లరి చేశానని అమ్మ వెళ్ళిపోయింది" అని లోపల అనుకున్న బిడ్డ ఆ మాట ఎవరికీ చెప్పడు. "అల్లరి చేస్తే అమ్మ రాదు" అని మనం సరదాకు అన్న మాట ఆ భయాన్ని గట్టిపరుస్తుంది. ఆ మాట ఇంట్లో ఎవరూ అనకూడదు, తమాషాకైనా.

కాబట్టి ఆ మొదటి నెలల్లో బిడ్డకు కావలసింది, చెప్పిన మనిషి చెప్పిన వేళకు తిరిగి రావడం. "బడి వదిలాక నేనే వస్తాను నాన్నా, ఆ వేపచెట్టు కింద నిలబడి ఉంటాను" అని అమ్మమ్మ చెబితే, ఆ చెట్టు కిందే ఉండాలి. ఆ రోజు రాలేకపోతే ఎవరు వస్తారో ఉదయమే చెప్పాలి. ఆటోలో పంపేవాళ్ళు వీధి చివర ఎదురు నిలబడాలి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. కానీ వెళ్ళినవాళ్ళు తిరిగి వస్తారన్న సంగతి ఆ బిడ్డ రోజుకు ఒకసారి, ఏడాదిలో రెండువందల సార్లు కళ్ళారా చూసి నేర్చుకుంటాడు. అ ఆ ఇ ఈ లకు ముందు వాడు నేర్వవలసిన పాఠం అదే.

చెప్పి వెళ్ళడం

మన ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. బిడ్డ ఏడుస్తాడని, నిద్రపోతుండగా తల్లిని కారెక్కించి విమానాశ్రయానికి పంపేస్తారు. పొద్దున్న లేచిన బిడ్డ ఇల్లంతా వెతుకుతాడు. "బజారుకెళ్ళింది, వచ్చేస్తుంది" అంటారు. ఆ రోజు ఏడుపు తప్పుతుంది కానీ, తర్వాత చాలాకాలం ఆ బిడ్డ నిద్రపోవడానికి భయపడతాడు.

ఏడ్చినా సరే, చెప్పి వెళ్ళడమే మేలు. నాలుగైదు రోజుల ముందు నుంచి, చిన్న మాటల్లో, ఒకే రకంగా చెప్పాలి. "అమ్మ విమానం ఎక్కి కువైట్ వెళ్తుంది. అక్కడ పని చేస్తుంది. నువ్వు అల్లరి చేశావని కాదు. నువ్వు అమ్మమ్మ దగ్గర ఉంటావు, బడికి వెళ్తావు. అమ్మ రోజూ ఫోన్ చేస్తుంది." ఎప్పుడొస్తావని అడిగితే సంవత్సరాలు చెప్పకుండా, బిడ్డకు తెలిసిన గుర్తులు చెప్పవచ్చు. "ఒక క్రిస్మస్ అయిపోతుంది, ఒక సంక్రాంతికి ప్రభల తీర్థం చూస్తావు, వేసవి సెలవులు వస్తాయి. మళ్ళీ ఇంకొక క్రిస్మస్ అయ్యాక వస్తాను." గోడకు ఒక కేలండరు తగిలించి గడిచిన నెలలు కొట్టేయించండి. రాని తేదీని మాత్రం ఎప్పుడూ చెప్పవద్దు.

వెళ్ళేముందు సర్దవలసిన కాగితాలు

ఊరు దాటిన తర్వాత ఒక్క సంతకం కోసం నెలలు పడుతుంది. అందుకే బడి కాగితాలు ముందే ఒక సంచిలో పెట్టి పెద్దవారికి అప్పగించాలి. జనన ధ్రువపత్రం, ఆధార్, టీకాల కార్డు, వీటన్నిటిలో బిడ్డ పేరు, ఇంటిపేరు ఒకే అక్షరాలతో ఉన్నాయో లేదో చూసుకోవాలి. తేడా ఉంటే తల్లి ఉండగానే సరిచేయించాలి. బిడ్డ విద్యా సంఖ్య అయిన అపార్‌కు తల్లిదండ్రుల సమ్మతి పత్రం అడుగుతారు. అది కూడా ముందే ఇచ్చేస్తే మంచిది. బడిలోనూ ఆసుపత్రిలోనూ తల్లి తరఫున ఎవరు నిర్ణయం చెప్పవచ్చో రాసి, సంతకం చేసి, నోటరీ చేయించిన ఉత్తరం ఒకటి అమ్మమ్మ దగ్గర ఉండాలి.

వయసు పత్రం లేదని భయపడి బిడ్డను ఇంట్లో ఉంచవద్దు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువపత్రం లేదన్న కారణంతో ఏ బడీ ప్రవేశం నిరాకరించకూడదు. ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా ప్రభుత్వ బడిలో చదువు ఉచితం. ప్రైవేటు బడులు తమ మొదటి తరగతి సీట్లలో కనీసం 25 శాతం బలహీన వర్గాల, వెనుకబడిన సమూహాల పిల్లలకు ఇవ్వాలని అదే చట్టం చెబుతోంది. ఫీజుల కోసమే గల్ఫ్ వెళ్ళాలనుకునే తల్లి, ప్రయాణానికి అప్పు చేయకముందు ఈ సంగతి కనుక్కోవడం మంచిది.

తల్లికి వందనం పథకం కింద 2025లో ఒక్కొక్క విద్యార్థికి రూ.15,000 కేటాయించి, అందులో రూ.13,000 తల్లి ఖాతాలో, రూ.2,000 బడి నిర్వహణకు జమచేశారు. దానికి తల్లి బ్యాంకు ఖాతా ఆధార్‌తో ముడిపడి, పనిచేస్తూ ఉండాలి. బ్యాంకుకిచ్చిన ఫోన్ నంబరు పాతబడిపోతే సందేశాలు ఎవరికీ అందవు. వెళ్ళేముందు ఖాతా పరిస్థితి, తాను దూరంగా ఉన్నప్పుడు పాటించవలసిన పద్ధతి సచివాలయంలో అడిగి తెలుసుకోవాలి.

తల్లి వెళ్ళే దారి కూడా బిడ్డ చదువుకు సంబంధించినదే. 2016 నుంచి ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్ళే స్త్రీలను ప్రభుత్వ అనుమతి పొందిన సంస్థల ద్వారానే పంపాలి. మన రాష్ట్రంలో ఓంక్యాప్ అటువంటిది. విజిట్ వీసా మీద పంపే ఏజెంటు మాట నమ్మి వెళ్తే, సెలవు అడిగే హక్కే ఉండదు, ఫోను చేతిలో ఉంటుందన్న నమ్మకం కూడా ఉండదు. కువైట్‌లో 2015లో వచ్చిన ఇంటిపనివారి చట్టం రోజుకు 12 గంటలకు మించని పని, వారానికొక సెలవు, జీతంతో కూడిన వార్షిక సెలవు ఇవ్వాలంటోంది. అది ప్రతి ఇంట్లోనూ అమలవుతుందని చెప్పలేం. అయినా ఒప్పందం కాగితం ఉన్నవారికి అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. సెలవు ఏ నెలలో అన్న మాట వస్తే, మన బడుల వేసవి సెలవులూ జూన్‌లో బడి తెరిచే రోజూ కలిసొచ్చేలా అడగండి.

ఫోనులో అమ్మ

వీడియో కాల్ వచ్చాక దూరం తగ్గిందంటారు. కొంత నిజమే. కానీ చాలా ఇళ్ళలో ఫోను మోగగానే డబ్బు సంగతి, అప్పు సంగతి, ఇరుగుపొరుగు సంగతి అయ్యాక, చివర్లో బిడ్డ చేతికిస్తారు. "తిన్నావా? బాగా చదువుతున్నావా?" అన్న ప్రశ్నలకు బిడ్డ "ఊఁ" అని ఫోను ఇచ్చేస్తాడు. అమ్మ మనసు చివుక్కుమంటుంది. తప్పు బిడ్డది కాదు. ఆ ప్రశ్నలకు అంతకంటే జవాబు లేదు.

బిడ్డకు వేరే వేళ ఒకటి పెట్టుకోవాలి. కువైట్, సౌదీ, ఖతర్, బహ్రెయిన్ మనకంటే రెండున్నర గంటలు, ఒమన్, దుబాయ్ గంటన్నర వెనుక ఉంటాయి. పని చూసుకుని, రోజూ కుదరకపోతే వారానికి రెండు రోజులైనా ఒకే వేళకు చేయాలి. పది నిమిషాలు చాలు. "పక్కన ఎవరు కూర్చున్నారు? ఇవాళ కూర ఏమిటి? ఏ అక్షరం రాశావు, చూపించు" అని అడిగితే మాట సాగుతుంది. బడిలో తినే అన్నం గురించి చెప్పడానికి మన పిల్లలకు మంచి కథ కూడా ఉంది. ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనానికి ఇప్పుడున్న పేరు డొక్కా సీతమ్మగారిది. మండపేటలో పుట్టి, మన లంకల గన్నవరం కోడలై, ఆకలితో వచ్చిన ఎవరినీ కులం అడగకుండా అన్నం పెట్టి 1909లో కన్నుమూసిన తల్లి ఆమె. "మన గన్నవరం అమ్మ పేరుతో నీకు అన్నం పెడుతున్నారు" అని చెబితే బిడ్డ ఆసక్తిగా వింటాడు.

ఫోను చేస్తానన్న రోజు కుదరకపోతే, తర్వాత కారణం బిడ్డకే చెప్పాలి. బొమ్మలు, చాక్లెట్లు, ఖరీదైన బ్యాగు పంపడంలో తప్పు లేదు. కానీ మాట తప్పినందుకు బదులుగా పంపితే, ఆ లెక్క పిల్లలకు త్వరగా అర్థమవుతుంది.

చదువు రాని అమ్మమ్మ, చదువుకునే మనుమడు

"నాకు అక్షరం ముక్క రాదు, వీడికి నేనేం చెప్పను?" అని దిగులుపడే పెద్దవారికి ఒక మాట. కేంద్ర ప్రభుత్వం 2020లో ఇచ్చిన స్కూలు బ్యాగు విధానం ప్రకారం రెండో తరగతి వరకు ఇంటిపని ఇవ్వకూడదు. ఒకటి, రెండు తరగతుల బ్యాగు బరువు 1.6 నుంచి 2.2 కిలోలకు మించకూడదు. చదవడం, లెక్కలు చేయడం మూడో తరగతి ముగిసేలోగా రావాలన్నది 2021లో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యం. కాబట్టి దసరా నాటికి పక్కింటి పాప వాక్యాలు చదువుతుంటే, మనవాడు గుణింతాల దగ్గరే ఉన్నాడని కొట్టనక్కరలేదు. ట్యూషన్‌కు తోయనక్కరలేదు. కొట్టడం, మనసు నొప్పించేలా తిట్టడం బడిలోనే చట్టం నిషేధించింది.

అమ్మమ్మ చేయగలిగినవి చాలా ఉన్నాయి. వేళకు నిద్రపుచ్చడం, వేళకు లేపడం, రోజూ బడికి పంపడం అన్నిటికంటే ముఖ్యం. దొడ్లో రాలిన కొబ్బరికాయలు లెక్కపెట్టిస్తే అదే గణితం. చిన్నప్పటి కథ చెప్పి, మళ్ళీ తనకు చెప్పమంటే అదే భాష. 2020–21లో వచ్చిన ప్రభుత్వ ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటుంది. బొమ్మ చూపించి "ఇదేంట్రా, నాకు చెప్పు" అంటే చాలు. తెలిసినదాన్ని పెద్దవాళ్ళకు నేర్పడం పిల్లలకు ఎంతో ఇష్టం.

బడి మెట్లు ఎక్కడానికి పెద్దవారు సంకోచించకూడదు. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులో సంరక్షకులో ఉండాలని, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతోంది. సంరక్షకులంటే మీరే. రాష్ట్రమంతటా 2024 డిసెంబరు 7న, 2025 జులై 10న జరిగిన మెగా తల్లిదండ్రుల సమావేశాల వంటి రోజుల్లో, ఎవరూ రాక ఒక్కడే కూర్చున్న బిడ్డ బాధ చాలాకాలం ఉంటుంది. అమ్మమ్మకు నడవలేని రోజున సంఘంలో ఒక అక్క, సండేస్కూలు టీచరు, పక్కింటి అన్నయ్య ఎవరైనా వెళ్ళవచ్చు. టీచరు చెప్పినది ఫోనులో రికార్డు చేసి తల్లికి పంపవచ్చు. టీచరుకు కూడా తల్లి ఎక్కడ ఉందో ముందే చెప్పాలి. అది తెలిస్తే "మీ అమ్మను తీసుకురా" అన్న మాట తరగతిలో ఆమె నోట రాదు.

తిరిగి వచ్చిన రోజు

రెండేళ్ళ తర్వాత అమ్మ వస్తుంది. సూట్‌కేసులు దిగుతాయి, ఇంటినిండా బంధువులు. బిడ్డ మాత్రం అమ్మమ్మ వెనుక దాక్కుంటాడు. "నేను వీడి కోసమే కదా కష్టపడ్డాను" అని తల్లి కన్నీళ్ళు పెట్టుకుంటుంది. బిడ్డ మరచిపోయాడని కాదు. మళ్ళీ వెళ్తుందేమోనని దగ్గరకు రావడానికి వెనకాడుతున్నాడు. బలవంతంగా ఒడిలోకి లాక్కోకుండా, మర్నాటి నుంచి అమ్మమ్మతో కలిసి బడికి నడవండి. మొదటి రోజు సాయంత్రం ఇద్దరూ గేటు దగ్గర ఉండండి. మూడో రోజో, వారానికో, "రేపు నువ్వొక్కదానివే రా అమ్మా" అని వాడే అంటాడు. అలా అన్నాక, చెప్పిన వేళకు చెట్టు కింద ఉండండి.