హమ్మ్, హుజ్న్ : ఆందోళన, విషాదం జంటగా వచ్చినప్పుడు

దైవప్రవక్త ముహమ్మద్ (స) తరచుగా చేసిన ఒక దుఆలో అల్లాహ్ శరణు వేడిన విషయాలలో 'హమ్మ్', 'హజన్' అనేవి పక్కపక్కనే వస్తాయి. సహీహ్ బుఖారీలోని ఈ దుఆను మన ఇండ్లలో పిల్లలకు సైతం నేర్పుతారు. తెలుగులో రెంటికీ కలిపి 'విచారం' అని చెప్పి ఊరుకోవడం పరిపాటి. కాని అవి రెండూ ఒకటి కావు. ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం క్రీ.శ. 1350) వివరణ ప్రకారం రాబోయేదాన్ని గురించి మనస్సును తొలిచేది హమ్మ్, జరిగిపోయినదాన్ని గురించి కుంగదీసేది హజన్, అనగా హుజ్న్. నేటి మనోవైద్యులు ఆందోళన, కుంగుబాటు అని పిలిచే రెండు వ్యాధులకు ఇవి చాలా దగ్గర. అయితే భావం వేరు, వ్యాధి వేరు. ఆ భావం వారాల తరబడి వీడకుండా నిద్రను, ఆకలిని, పనిని, చివరకు నమాజులోని ఏకాగ్రతను కూడా హరించినప్పుడే వైద్యుడు దానిని వ్యాధి అంటాడు.

ఈ రెండు వ్యాధులు ఒకే మనిషిలో కలిసి కనిపించడం అరుదు కాదు. భయంతో నిద్ర కరువవుతుంది, నిద్రలేమితో శక్తి సన్నగిల్లుతుంది. శక్తిలేనివాడు పనికీ, మనుషులకూ దూరమవుతాడు. ఆ ఒంటరితనంలో నిరాశ, నిరాశలో మళ్లీ రేపటి భయం!

సమాజమంతా కష్టంలో ఉన్న కాలంలో ఈ చక్రం మరింత వేగంగా తిరుగుతుంది. కోవిడ్ తొలి ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, కుంగుబాటు రెండూ సుమారు 25 శాతం పెరిగినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. యువకులు, స్త్రీలు ఎక్కువగా దెబ్బతిన్నారు. జనాజాకు నలుగురు కూడలేని రోజులవి. పోయినవారి కోసం హుజ్న్, ఉన్నవారి కోసం హమ్మ్ ఒకే ఇంట్లో చేరాయి. గల్ఫ్‌లో పని పోయి, ఊళ్లో అప్పు మిగిలిన తెలంగాణ, రాయలసీమ కుటుంబాలకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు.

ఈ వ్యాధులను ఇస్లామీయ వైద్యులు ఎంత ముందుగా గుర్తించారో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నేటి అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతానికి చెందిన అబూ జైద్ అల్-బల్ఖీ (మరణం 934) 'మసాలిహుల్ అబ్దాన్ వల్ అన్ఫుస్' అనే గ్రంథంలో మొదటి భాగాన్ని దేహానికి, రెండవ భాగాన్ని మనస్సుకు కేటాయించాడు. దేహం, మనస్సు పెనవేసుకొని ఉన్నాయనీ, ఒకటి బాధపడితే రెండవది తప్పించుకోలేదనీ ఆయన వాదం. భయానికీ, విషాదానికీ వెంటవెంటనే చెరొక అధ్యాయం రాశాడు. విషాదాన్ని రెండు రకాలుగా విభజించాడు. ఆప్తుల మరణం, ఆస్తినష్టం వంటి తెలిసిన కారణంతో వచ్చేది ఒకటి. కారణం తెలియకుండా వచ్చి, దేహంలోనే మూలం కలిగి ఉండేది మరొకటి. మొదటిదానికి మంచి మాట, మంచి ఆలోచన మందు. రెండవదానికి దేహచికిత్స కూడా కావాలి. భయం విషయంలో ఆయన చెప్పిన ఉపమానం చక్కనిది. పొగమంచును ఎన్నడూ చూడని ఎడారివాసి దూరం నుండి దానిని దాటశక్యం కాని అడ్డు అనుకుంటాడు. లోపలికి వెళితే అది తాను రోజూ పీల్చే గాలిలాంటిదే! ఇస్తాంబుల్‌లో భద్రంగా ఉన్న ఈ గ్రంథపు రాతప్రతి ప్రతిరూపం 1984లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ముద్రితమైంది.

ఇంత వారసత్వం ఉండి కూడా, కుంగిపోయినవానితో "నీ ఈమాన్ బలహీనపడింది" అనేవారు మనలో తక్కువేమీ కారు. ఇది అన్యాయం. యూసుఫ్ (అ) కోసం దుఃఖించి హజ్రత్ యాఖూబ్ (అ) కళ్లు తెల్లబడిన సంగతి ఖుర్ఆన్‌లోనే ఉంది (12:84). ఆ ప్రవక్త ఈమాన్‌ను శంకించగలవారెవరు? హజ్రత్ ఖదీజా (రజి), అబూ తాలిబ్‌లు మరణించిన సంవత్సరానికి చరిత్రకారులు 'దుఃఖ సంవత్సరం' అనే పేరే పెట్టారు. దుఆ, నమాజ్ గుండెకు ఊరట; కాని వాటి పేరుతో వైద్యాన్ని ఆపడం మన ధర్మం నేర్పినది కాదు.

పైగా రెండు వ్యాధులూ కలిసినప్పుడు తగ్గడానికి ఎక్కువ కాలం పడుతుంది, ఆత్మహత్యా ప్రమాదం పెరుగుతుంది. గుండెదడ అంటూ రోగి గుండె పరీక్షల చుట్టూ తిరుగుతాడు, లోపలి నిరాశను మాత్రం చెప్పడు. అందుచేత దడ గురించి చెప్పేవానిని నిరాశ గురించి, నిరాశ గురించి చెప్పేవానిని భయం గురించి కూడా అడగాలి. కుంగుబాటుకు వాడే మందులలో పెక్కు ఆందోళనకూ పనిచేస్తాయి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, కాబట్టి వైద్యుని అడగకుండా మధ్యలో మానరాదు. ఆలోచనలను సరిదిద్దే సంభాషణ చికిత్స రెంటికీ ఉపకరిస్తుంది. ఆసుపత్రికి వెళ్లడానికి సంకోచించేవారు 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు, రుసుము లేదు.