క్రోమ్ మెరుపుపై రంగు ఎందుకు నిలవదు?

వజ్రాల సానకు పేరొందిన సూరత్‌లోని వరాఛాలో నునుపుకే విలువ. అయితే పికప్ ట్రక్కు క్రోమ్ పట్టీలకు నల్లరంగు వేయాలంటే మాత్రం ఆ నునుపే అడ్డంకి.

అలంకరణ క్రోమ్ పూత మందం సాధారణంగా ఒక మైక్రోమీటరు కన్నా తక్కువ. దాని కింద నికెల్ పొర, చాలా వాహనాల్లో అడుగున ఏబీఎస్ ప్లాస్టిక్ ఉంటాయి. గాలి తగలగానే క్రోమియంపై కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. తుప్పును ఆపే ఈ పొర వేరే పదార్థాలతో తేలిగ్గా చర్య జరపదు. అందుకే రంగుకు పట్టు చిక్కదు. జిడ్డు తుడిచి, ఎమరీ పేపర్‌తో గరుకు చేసి, తగిన ప్రైమర్ వేయకపోతే రంగు పెచ్చులూడుతుంది.

వినైల్ ర్యాప్ తీరు వేరు. ఒత్తితే పట్టుకునే దాని జిగురుకు శుభ్రమైన నునుపే అనుకూలం. వద్దనుకుంటే ఒలిచేయవచ్చు. అతికేటప్పుడు వేడి మితిమీరకూడదు. సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏబీఎస్ మెత్తబడుతుంది.

పట్టీని పొడిగా రాపిడి చేస్తే లేచే నికెల్ ధూళి ఊపిరితిత్తులకు హానికరం. నీటితో తడుపుతూ, మాస్కు పెట్టుకుని రాయాలి.

క్రోమ్ పూత వేసే సంప్రదాయ తొట్టెల్లోని హెక్సావాలెంట్ క్రోమియం క్యాన్సర్ కారకం. ప్రత్యేక అనుమతి లేకుండా క్రోమియం ట్రయాక్సైడ్ వాడకూడదన్న ఐరోపా సమాఖ్య నిబంధన 2017 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉంది. పాత పట్టీని పారేయకుండా ర్యాప్ చేసుకుంటే ఆ తొట్టెల దగ్గర నిలబడే కార్మికులకూ మేలే.