త్రోవప్రక్కని వీరగల్లులు



కడప, కర్నూలు సీమలలో బండిత్రోవల వెంబడి నడచువారికి పొలముగట్టునను, చెఱువుకట్టమీదను, ఊరి పొలిమేరయందును నిలువుఱాళ్లు కొన్ని కానవచ్చును. వానిపై నొక మనుష్యుడు కత్తియు డాలును పట్టి నిలిచియుండును. లేదా విల్లు వంచి బాణము సంధించుచుండును. కొందఱు దానికి పసుపు పూసి మ్రొక్కుదురు. కొందఱు దానిపై కొడవలికి పదును పెట్టుదురు. ఈ ఱాయి యెవరిది? ఏల నిలిపిరి? దానిని చదువుట యెట్లు? ఇదియే నేటి ప్రసంగవిషయము.

దీనికి వీరగల్లని పేరు. కల్లనగా ఱాయి. మన యిండ్లలోని సన్నెకల్లు, సానకల్లు అను మాటలలో నీ పదమే యున్నది. కావున వీరగల్లన వీరుని ఱాయి యని యర్థము. ఇది రాజు తన గెలుపునకు వేయించుకొన్న జయస్తంభము కాదు. పోరాడి పడిపోయినవానికై వాని బంధువులో, ఊరివారో, దొరయో నిలిపిన గుఱుతు.

కఱవుసీమలో పశువులే ధనము. పొరుగువారు వచ్చి మందను తోలుకొనిపోవుట పగకు మొదటి మెట్టు. దీనినే గోగ్రహణ మందురు. భారతమున విరాటపర్వకథ మీ రెఱిగినదే. మందను మరల్చుచు మడిసినవాడు, ఊరిని దోచవచ్చినవారి నెదిర్చి కూలినవాడు, పులితో పెనగి ప్రాణము విడిచినవాడు, దొర పిలిచిన యుద్ధమున పడినవాడు, వీరి కెల్లరకును ఱాళ్లు కలవు.

అంతస్తులుగా చెక్కిన ఱాతిని క్రిందినుండి పైకి చదువవలెను. క్రింద యుద్ధము. నడుమ అప్సరసలు వీరుని స్వర్గమునకు కొనిపోవుట. పైని శివలింగము ముందట వీరుడు చేతులు మోడ్చి కూర్చుండుట. కొనయందు సూర్యచంద్రులుందురు, వారున్నంతకాలము వీని కీర్తి నిలుచునని భావము. మిక్కిలి ప్రాచీనములైన ఱాళ్లపై పెక్కుచోట్ల వీరుని రూప మొక్కటియే యుండును. ఆవులు కనబడినచో అది మందకై జరిగిన పోరు. గాజులు తొడిగి పైకెత్తిన చేయి యున్నచో అతని యిల్లాలు సహగమనము చేసినదని తెలియవలెను.

ఒక యుదాహరణము చెప్పెదను. 9వ శతాబ్దియందు సొరెమాడి యనుచోట గొప్ప యుద్ధము జరిగినది. ఒకవైపు వైదుంబులును బాణులును. మఱియొకవైపు నొళంబులును, గాంగుడైన రాచమల్లుడును. వీరందఱును ఇరుగుపొరుగు సీమల నేలినవారే. ఈ యుద్ధమును మనకు తెలిపినది కావ్యము గాదు, పురాణము గాదు. మదనపల్లె పరిసరములలోని శిలలపై చెక్కిన కొలది పంక్తులు మాత్రమే. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడువఱకు మదనపల్లె కడపజిల్లాలోనిదే. ఆ ఱాళ్లు గోడలలో కలిసిపోయియుండినచో సొరెమాడి యను పేరుసైతము మిగిలియుండదు.

దీనికి పల్నాటి పోరు భిన్నమైనది. 12వ శతాబ్దిలో నలగామరాజును మలిదేవరాజును, ఒక్క తండ్రి బిడ్డలయ్యును, రాజ్యభాగమునకై కారెంపూడియందు తలపడిరి. అచ్చట నాగులేటి యొడ్డున వీరుల గుడి యున్నది. ఏటేట కార్తికమాసాంతమున ఉత్సవము జరుగును. వీరవిద్యావంతులు కథ పాడుదురు. కావున ఱాయి మాటాడకున్నను కథ నిలిచినది. మన త్రోవప్రక్కని ఱాళ్లకు అట్టి గాయకులు లేరు. వానికి అక్షరములే దిక్కు. అవి యరిగిపోయిన నాడు ఆ వీరుడు రెండవమాఱు చచ్చినట్లే.

ఈ నష్టము వీరున కొక్కనికే కాదు, మన భాషకును తగులును. కడపజిల్లా కలమళ్లలో దొరికిన రేనాటి చోళుడు ధనంజయుని శాసనము 6వ శతాబ్దినాటిది. తెలుగున వ్రాసిన శాసనములలో నిది తొలిదని పండితులెన్నుదురు. అదియు నొక పల్లెలోని ఱాయియే గదా! మీ యూరి ఱాతిపై నేమున్నదో చూడకమునుపే చెప్పగలవారెవరు?

కావున పెద్దలకు నా మనవి. ఆ లిపి నేటివారికి చదువరానిదగుటచే, కొందఱు దానిని నిక్షేపము గుఱుతని భ్రమించి త్రవ్వుదురు. అట్టివారిని వారింపుడు. మీరు పూజించుచుండినచో మానవలదు. కాని అక్షరములపై సున్నము, రంగు పూయకుడు. ఉలితో గీకి శుభ్రపఱచకుడు. ఱాతిని దాని చోటనుండి కదల్పకుడు. ఏ గట్టున నిలిచినదో అదియు చరిత్రలో భాగమే. కాలువకు మూతగా, గుమ్మమునకు మెట్టుగా పడియున్నదానిని గూర్చి తహశీల్దారునకును, పురావస్తుశాఖవారికిని తెలియజేయుడు. కేంద్రప్రభుత్వపు శాసనవిభాగము మైసూరులో నున్నది. వారు తడికాగితమును ఱాతిపై నద్ది, కుంచెతో మెల్లగా కొట్టి, సిరా పూసి అచ్చు తీసికొందురు. ఱాతికి హాని కలుగదు. చదువు కాగితముమీదికి వచ్చును.

అంతకుమున్ను మీరు చేయదగిన పని యొకటి కలదు. ఊరిలోని వృద్ధులు ఆ ఱాతిని ఏ పేర పిలుతురో, ఏ దినమున టెంకాయ కొట్టుదురో, ఏ వంశమువారు తమవాడందురో అడిగి, తేదీతో నొక పుస్తకమున వ్రాసి, బడిలో నుంచుడు. ఆ మాటలు ఱాతిపై లేవు. పెద్దల నోటనే యున్నవి.